పాత గొడ్డలి, కొత్త కామ: పెందుర్తి ప్రాంతంలో గొడ్డళ్ల మరమ్మతు

మూలన పడిన గొడ్డలికి తుప్పు వదిలించి, దెబ్బతిన్న వాదరను సరిచేసి, కొత్త కామ బిగించి మళ్లీ పనికి తేవడం కమ్మరి, వడ్రంగి ఇద్దరి విద్యా కలిసిన పని. గొడ్డలికి ఉన్నవి రెండే భాగాలు. ఒకటి ఇనుప తల, రెండోది కర్ర కామ. కామనే కొన్ని ఊళ్లలో పిడి అనీ, గొడ్డలి కర్ర అనీ అంటారు. సరిగ్గా చూసుకుంటే తల రెండు మూడు తరాలు పనిచేస్తుంది. కామ అరిగేది, విరిగేది, మార్చుకునేది. కామ విరగగానే గొడ్డలి పని అయిపోయిందనుకుని పాత ఇనుము కొట్టులో తూకానికి వేయడం ఈమధ్య మామూలైంది. మంచి ఉక్కు అంచు ఉన్న తలలు అలా కరిగిపోతున్నాయి. ఈ వ్యాసం విశాఖపట్నం జిల్లాలోని పెందుర్తిని, దాని చుట్టూ ఉన్న ఉత్తరాంధ్రను దృష్టిలో పెట్టుకుని ఆ పనిని వివరిస్తుంది.

ప్రాంతం

పెందుర్తి మండల కేంద్రం. ఇప్పుడు మహా విశాఖ నగరపాలక సంస్థలో భాగం. విశాఖ నుంచి కొత్తవలస, శృంగవరపుకోట మీదుగా అరకు వెళ్లే దారీ, సబ్బవరం మీదుగా అనకాపల్లి వైపు వెళ్లే దారీ ఇక్కడే చీలిపోతాయి. ఒకవైపు సింహాచలం కొండలు, మరోవైపు జీడిమామిడి తోటలు, సరుగుడు తోపులు, తాటిచెట్ల గట్లు ఉన్న పల్లెలు. వాటి మధ్యనే ఇప్పుడు అపార్టుమెంట్లు లేస్తున్నాయి. హౌరా–చెన్నై రైలు మార్గం మీద ఇక్కడొక స్టేషను ఉంది. దగ్గరలోని కొత్తవలసలో కిరండూల్ లైను మొదలవుతుంది. 1960లలో వేసిన ఆ లైను మీద బైలదిల్లా ఇనుప ఖనిజం దిగి వచ్చి, పెందుర్తి మీదుగా విశాఖ రేవుకు చేరుతుంది. 1933లో మొదలైన ఆ రేవుకు ఖనిజం ఎగుమతి దశాబ్దాలుగా ముఖ్యమైన వ్యాపారం.

ఇక విశాఖ ఉక్కు కర్మాగారం సంగతి తెలుగువాళ్లకు చెప్పనక్కర్లేదు. 1966 నాటి ఆందోళన, ప్రాణత్యాగాలు, 1971 జనవరి 20న ఇందిరా గాంధీ వేసిన శంకుస్థాపన, 1992 ఆగస్టు 1న పి.వి.నరసింహారావు జాతికి అంకితం చేయడం, ఇవన్నీ ఈ ప్రాంతపు జ్ఞాపకంలో ఉన్నాయి. బ్లాస్ట్ ఫర్నేసులకు గోదావరి, కృష్ణ, అన్నపూర్ణ అని పేర్లు పెట్టుకున్నారు. అయితే ఆ కర్మాగారం పోసే ఉక్కులో ఎక్కువ భాగం ఇళ్లకు, వంతెనలకు వాడే కడ్డీలు, తీగ చుట్టలు, కోణపు పట్టీలు. ఇంటి స్లాబుకు వాడే కడ్డీలో కర్బనం 0.30 శాతానికి మించకూడదని భారత ప్రమాణం చెబుతోంది. అంత తక్కువ కర్బనం ఉన్న ఉక్కును ఎర్రగా కాల్చి నీళ్లలో ముంచినా, చెట్టు మొద్దు మీద నిలిచే పదును దానికి రాదు. గొడ్డలి వాదరకు 0.5 నుంచి 0.8 శాతం దాకా కర్బనం కావాలి. అందుకే ఉక్కు నగరపు కమ్మరి కూడా అంచు కోసం కొత్త కడ్డీ వైపు చూడడు. లారీల పాత కమాను పట్టీల కోసం గాజువాక ఆటోనగర్ లాంటి చోట్ల వెతుకుతాడు. కమాను పట్టీలో కర్బనం 0.5 నుంచి 0.65 శాతం దాకా ఉంటుంది. రైలు పట్టాలో ఇంకొంచెం ఎక్కువే ఉంటుంది. పట్టా ముక్క చాలా కొలిముల్లో దాగలిగా కూడా కుదురుకుంది.

చరిత్ర నుంచి కొంత

కామ బిగించడం అనే చిక్కు ఇనుము కంటే పాతది. 1954–60 మధ్య నాగార్జునకొండ తవ్వకాల్లో నవీన శిలాయుగపు నునుపైన రాతి గొడ్డళ్లు దొరికాయి. వాటికి కామ దూర్చే బెజ్జం ఉండదు. రాతిని కర్రలోకి దూర్చో, తోలుతో కట్టో వాడుకునేవారు. తర్వాత బృహత్ శిలాయుగపు సమాధుల్లో బల్లపరుపు ఇనుప గొడ్డళ్లు కనిపిస్తాయి. విదర్భలోని మహుర్ఝరి, నాయ్‌కుండ్ వంటి చోట్ల దొరికిన గొడ్డళ్లకు అడ్డంగా పెనవేసిన ఇనుప పట్టీలు ఉన్నాయి. కామను తలకు బిగించింది ఆ పట్టీలే. బెజ్జంలోకి కామ దూర్చి చీల కొట్టే నేటి పద్ధతి ఆ తర్వాత స్థిరపడింది. ఉక్కు తయారీలోనైతే తెలుగు నేల పేరు ప్రపంచమంతా పాకింది. నిజామాబాదు ప్రాంతంలోని కోనసముద్రం ఉక్కు దిమ్మల కోసం పర్షియా వర్తకులు వచ్చేవారు. 1819లో మైకేల్ ఫారడే దక్షిణ భారత ఉక్కును లండనులో పరీక్షించి, దాని గుణానికి కారణం వెతికాడు.

విశాఖ మన్యంలో గొడ్డలి బతుకుతెరువే. కొండవాలులో చెట్లు కొట్టి, కాల్చి, ఆ బూడిదలో విత్తే పోడు సేద్యానికి నాగలితో పని లేదు, గొడ్డలి చాలు. 1882 నాటి మద్రాసు అటవీ చట్టం ఆ గొడ్డలి మీద ఆంక్ష పెట్టింది. కొండ ప్రజల కడుపు మంట పెరిగి పెరిగి 1922 ఆగస్టులో అల్లూరి సీతారామరాజు నాయకత్వంలో చింతపల్లి పోలీసు స్టేషను మీద దాడిగా బయటపడింది. మన్యపు సంతల్లో నేటికీ కత్తులు, కొడవళ్లు, గొడ్డలి తలలు అమ్మకానికి పరుస్తారు. మైదానపు పల్లెల్లో కమ్మరికి ఏటా కళ్లంలో ధాన్యం కొలిచి మేర ఇచ్చేవారు. అందుకు బదులుగా ఆ ఏడంతా నాగలి కర్రు సాగగొట్టడం, గొడ్డలి, కొడవలి పదును పెట్టడం అతని బాధ్యత. మేర పోయాక మరమ్మతు లెక్క మారింది. డబ్బిచ్చి బాగుచేయించుకోవడం కంటే కొత్తది కొనడం సుళువనిపించసాగింది.

తలను పరీక్షించడం

పాత గొడ్డలి చేతికి రాగానే తుప్పు చూసి బెదరకూడదు. పైపొర ఎర్రగా పొట్టు లేస్తున్నా లోపలి ఇనుము సాధారణంగా గట్టిగానే ఉంటుంది. చూడాల్సినవి వేరే ఉన్నాయి. మొదటిది పగులు. తలను తాడుతో వేలాడదీసి చిన్న సుత్తితో తడితే గట్టి ఇనుము ఖంగున మోగుతుంది, పగిలినది బొంగురుగా పలుకుతుంది. బెజ్జం గోడల మీద, ముఖ్యంగా పట్టీని మడిచి అతికించిన చోట పగులుంటే ఆ తల పనికి పెట్టకూడదు. రెండోది వెనక మొద్దు భాగం. దానితో మేకులు, గునపాలు కొట్టిన గొడ్డలికి అక్కడి ఇనుము పుట్టగొడుగులా విప్పారి ఉంటుంది. ఆ అంచులు ఎగిరి కంట్లో పడే ప్రమాదం ఉంది కాబట్టి ముందే రాకి తీసేయాలి. మూడోది అసలైనది: అంచులో ఉక్కు ఇంకా ఎంత మిగిలింది?

పాతకాలపు కమ్మరి గొడ్డలి మొత్తాన్ని ఉక్కుతో చేసేవాడు కాదు. ఉక్కు ఖరీదైనది. మెత్తని ఇనుప పట్టీని మడిచి బెజ్జం చేసి, అంచు దగ్గర మాత్రం ఉక్కు ముక్క పెట్టి, వెలిగారం చల్లి, తెల్లని కాకలో కొట్టి అతికించేవాడు. ఏళ్ల తరబడి సానబట్టి సానబట్టి ఆ ఉక్కు అరిగిపోతే మిగిలేది మెత్తని ఇనుమే. అప్పుడు ఎంత పదును పెట్టినా రెండు దెబ్బలకే మొక్కబోతుంది. దీన్ని కనిపెట్టడానికి అంచును తళతళలాడేలా రుద్ది, వెనిగరో చిక్కటి చింతపండు పులుసో పూసి కాసేపు ఉంచాలి. కర్బనం ఎక్కువున్న ఉక్కు నల్లబడుతుంది, మెత్తని ఇనుము తేలికపాటి బూడిద రంగులో ఉండిపోతుంది. రెండింటి మధ్య గీత కంటికి స్పష్టంగా కనిపిస్తుంది. ఆ నలుపు ఒక వేలెడు వెడల్పు ఉన్నా గొడ్డలికి ఇంకా చాలా ఆయుష్షు ఉన్నట్టే.

తుప్పు వదిలించడం

విశాఖ తీరంలో ఉప్పుగాలి, నాలుగు నెలల వాన, మిగతా కాలమంతా చెమ్మ. పెందుర్తి సముద్రానికి కొంచెం ఎడంగా ఉన్నా తుప్పు బాధ తప్పదు. ఇనుప బ్రష్షు, గరుకు కాగితం, కాస్త కిరోసిన్ ఉంటే మామూలు తుప్పు పోతుంది. లోతుగా పట్టిన దాన్ని ఒక రాత్రంతా వెనిగర్‌లో నానబెట్టి తోమితే వదులుతుంది. తర్వాత సోడా నీళ్లతో కడిగి, వెంటనే ఆరబెట్టి, నూనె రాయకపోతే గంటలోనే మళ్లీ ఎర్రబడుతుంది. ఇంకో పద్ధతి విద్యుత్తుది. ప్లాస్టిక్ తొట్టిలో చాకలి సోడా కలిపిన నీళ్లు పోసి, 12 వోల్టుల బ్యాటరీ చార్జరు ఋణ ధ్రువాన్ని గొడ్డలికీ, ధన ధ్రువాన్ని పాత ఇనుప రేకుకూ కలిపితే తుప్పు మెత్తబడి ఊడిపోతుంది, మంచి ఇనుము ఏమాత్రం తగ్గదు. ఇది బయట గాలి ఆడే చోటే చేయాలి, ఎందుకంటే హైడ్రోజన్ వాయువు వెలువడుతుంది. ధన ధ్రువానికి స్టెయిన్‌లెస్ స్టీలు వాడితే విషపూరితమైన క్రోమియం లవణాలు నీళ్లలో చేరతాయి, వాడకూడదు.

ఎర్ర తుప్పు కింద నల్లటి గట్టి పొర బయటపడితే దాన్ని అలాగే వదిలేయాలి. అదే ఇనుముకు రక్ష. తల మొత్తాన్ని గ్రైండరుతో అద్దంలా మెరిపించే ధోరణి ఈమధ్య ఎక్కువైంది. చూడ్డానికి బాగుంటుంది, గొడ్డలికి మాత్రం చేటు. కమ్మరి సుత్తి దెబ్బల గుర్తులు, తయారీ ముద్రలు పోతాయి. అంతకంటే ఘోరం, గ్రైండరు వేడికి అంచు పదును చచ్చిపోతుంది.

వాదర

కాల్చి ముంచిన ఉక్కు గాజులా పెళుసుగా ఉంటుంది. దాన్ని మళ్లీ మెల్లగా వేడిచేసి పెళుసుతనం తగ్గిస్తారు. రుద్దిన ఉక్కు మీద రంగులే కొలత. సుమారు 230 డిగ్రీల సెంటీగ్రేడు దగ్గర లేత గడ్డి రంగు, 255 దగ్గర గోధుమ రంగు, 280 దగ్గర ఊదా, 300 దగ్గర నీలం. గొడ్డలి అంచుకు గోధుమ, ఊదా మధ్యన ఆపేస్తారు. గ్రైండరు మీద అంచు నీలంగా మారిందంటే అక్కడి గట్టిదనం పోయినట్టే, మళ్లీ కొలిమికి పోవాల్సిందే. అందుకే ఆకురాయితో చేత్తో రాకడమే మేలు. ఆలస్యమైనా ఉక్కు వేడెక్కదు. తప్పనిసరై గ్రైండరు పట్టినప్పుడు రెండు మూడు క్షణాలకోసారి నీళ్లలో ముంచుతూ, అంచును వట్టి వేలితో తాకి చూసుకుంటూ పోవాలి.

పచ్చి చెట్టు కొట్టే గొడ్డలికి వాదర కోణం 25 డిగ్రీల లోపు ఉండాలి. ఎండు కట్టెలు చీల్చేదానికి 30 దాటినా ఫర్వాలేదు, సన్నగా ఉంటే అంచు వంగిపోతుంది. తల ఇరుపక్కల బుగ్గలు కాస్త ఉబ్బెత్తుగా ఉంచితే గొడ్డలి కర్రలో ఇరుక్కోదు. చివరిగా సానరాయి మీద నూనె వేసి రెండు వైపులా తిప్పుతూ పట్టాలి.

అంచు ఉక్కు పూర్తిగా అరిగిన తలకు కమ్మరి కొత్త ఉక్కు అతికిస్తాడు. కమాను పట్టీ ముక్కను తలతో కలిపి తెల్లని కాకలో అతికించి, సాగగొట్టి, మళ్లీ 800 డిగ్రీల చుట్టుపక్కలకు కాలుస్తాడు. అయస్కాంతం అంటుకోవడం మానేసిందంటే ఆ వేడి దగ్గరపడినట్టు. రంగు గుర్తుపట్టడానికి కొలిమి నీడలో ఉండాలి, ఎండలో కన్ను మోసపోతుంది. కమాను ఉక్కును నీళ్లలో ముంచితే పగిలే ప్రమాదముంది, నూనెలో ముంచడం క్షేమం. తిత్తుల బదులు ఇప్పుడు కరెంటు బ్లోయరు వచ్చింది కానీ ఈ రంగుల చదువు మాత్రం ఏ యంత్రానికీ బదిలీ కాలేదు.

కామకు కర్ర

ఈ మొత్తం పనిలో ఎక్కువ పొరపాట్లు జరిగేది ఇక్కడే. చాలామంది బలమైన కర్ర అనగానే టేకు అంటారు. టేకుకు చెద పట్టదు, అది వంకర తిరగదు. కానీ దెబ్బను మింగే గుణం దానికి తక్కువ, అడ్డంగా ఫట్టున విరుగుతుంది. డెహ్రాడూన్‌లోని అటవీ పరిశోధన సంస్థ మన కలపల గుణాలను టేకుకు 100 వేసి దానితో పోల్చి చూపింది. దెబ్బకు తట్టుకునే గుణంలో టేకును మించినవి మన చుట్టూనే ఉన్నాయి. నల్లతుమ్మ అందరికీ అందుబాటులో ఉన్నది. చెరువు గట్ల మీద, పొలాల అంచుల్లో పెరుగుతుంది, బండి చక్రాలకు, నాగళ్లకు తరతరాలుగా వాడుతున్నారు. తూర్పు కనుమల్లో దొరికే చిరిమాను ఇంకా గట్టిది, ఇరుసులకు పేరుపడ్డ కలప. దెబ్బను మింగే గుణంలో అమెరికావాళ్ల హికరీకి మన జవాబు అనదగ్గది. రేగు కూడా పనికొస్తుంది. సరుగుడు బరువైనదే కానీ ఎండితే చీలుతుంది, వంకర పోతుంది. తాటి కర్ర ఈనెలు లేచి చేతికి గుచ్చుకుంటుంది. ఏటికొప్పాక బొమ్మలకు వాడే అంకుడు కర్ర బొమ్మకు ఎంత బాగుంటుందో గొడ్డలి కామకు అంత పనికిరాదు.

జాతి కంటే ముఖ్యం నార. కామ ఒక చివర నుంచి మరో చివర దాకా నార గీతలు తెగకుండా సాగాలి. పక్కకు జారిపోయే నార ఉన్న కామ ఆ జారిన చోటే విరుగుతుంది. రంపంతో కోసిన పలక కంటే మొద్దును చీల్చి తీసిన కర్ర మంచిదని పాత వడ్రంగులు అనడానికి కారణం ఇదే: చీల్చినప్పుడు కర్ర తన నార వెంటే విడిపోతుంది. ముడులు ఉండకూడదు. చేవకూ తెల్లకర్రకూ అతుకు పడ్డ ముక్క ఉండకూడదు. పచ్చికర్ర అసలే కూడదు. నీడలో కనీసం ఒక వేసవి దాటేదాకా ఆరాలి. చివరలకు మైనమో పెయింటో పూస్తే ఆరేటప్పుడు పగుళ్లు తక్కువ. చెట్టు కొట్టాలంటే 2002 నాటి వాల్టా చట్టం కింద అనుమతి కావాలి కాబట్టి, గాలికి పడిన కొమ్మల్లోంచి, పాత బండి కర్రల్లోంచి కామ తీసుకోవడం ఉత్తమం. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను గంటకు 180 కిలోమీటర్ల దరిదాపు వేగంతో విశాఖను కొట్టినప్పుడు వేలాది చెట్లు నేలకూలాయి. రోడ్ల మీది చెట్లు తొలగించడానికి యంత్ర రంపాలతో పాటు ఇళ్లలోని గొడ్డళ్లూ బయటికొచ్చాయి.

బిగింపు

విరిగిన పాత కామను బెజ్జంలోంచి తీయడానికి తలను మంటలో పడేయడం చాలామంది చేసే పని. కామ కాలిపోతుంది నిజమే, దానితో పాటు వాదర పదును కూడా పోతుంది. రంపంతో కోసి, బరమాతో రంధ్రాలు వేసి, గుల్లచేసి వెనక నుంచి కొట్టి తీయాలి. తప్పక కాల్చాల్సి వస్తే వాదర భాగాన్ని తడిమట్టిలో పాతిపెట్టి బెజ్జం దగ్గర మాత్రమే మంట తగలనివ్వాలి.

కొత్త కామ పొడుగు మనిషిని బట్టి, పనిని బట్టి 60 నుంచి 90 సెంటీమీటర్ల దాకా ఉంటుంది. గుండ్రటి కామ చేతిలో తిరిగిపోతుంది. కోడిగుడ్డు ఆకారపు కోత ఉంటే వాదర ఎటు ఉందో చూడకుండానే చేతికి తెలుస్తుంది. కామ పై చివరను బెజ్జానికి సరిపడా చెక్కి, మూడింట రెండు వంతుల లోతు దాకా నిలువుగా రంపంతో గాడి పెట్టాలి. తర్వాత కామను బెజ్జంలోకి కింది నుంచి ఎక్కించి, గొడ్డలిని తలకిందులుగా గాలిలో పట్టుకుని కామ అడుగున కర్ర సుత్తితో కొట్టాలి. తల బరువు కదలనంటుంది, కామ దిగుతుంది. అలా ఒక్కో దెబ్బకు కామ తలలోకి ఎక్కుతుంది. ఇనుము రాసుకుని కామ మీద ఎక్కడ నల్లమచ్చ పడిందో చూసి అక్కడ మాత్రమే చెక్కి మళ్లీ ఎక్కించాలి. ఈ చెక్కడం, ఎక్కించడం పదిసార్లు సాగినా విసుగు పడకూడదు. కామ పైన కొద్దిగా బయటికి మిగలాలి. కామ వెంబడి ఒక కన్ను మూసి చూస్తే వాదర సరిగ్గా నడిమధ్య గీత మీద ఉండాలి. చివరగా గాడిలోకి ఎండిన గట్టికర్ర చీల దిగగొట్టాలి. చీల బదులు రెండు మేకులు కొట్టి ఊరుకునేవారున్నారు. మేకు తుప్పు పడుతుంది, కర్రను చీలుస్తుంది, తల వదులై ఎదుటివారి మీదికి ఎగిరే ప్రమాదం తెస్తుంది. పికాసుకైతే కామను పై నుంచే దూర్చి, విసురుకు తల బిగుసుకునేలా చేస్తారు. దానికి చీలతో పని లేదు.

వదులైన గొడ్డలిని రాత్రంతా నీళ్ల తొట్టిలో పెట్టడం మన ఇళ్లలో అలవాటు. తెల్లారేసరికి కర్ర ఉబ్బి బిగుసుకుంటుంది. కానీ ఉబ్బిన నార ఇనుప గోడకు నలిగిపోతుంది, ఎండాక మునుపటికంటే ఎక్కువ వదులవుతుంది. చీల ఇంకొంచెం దిగగొట్టడమే సరైన మందు. కామకు పూయడానికి అవిసె నూనె మంచిది. అది గాలికి గట్టిపడి పొర కడుతుంది. కొబ్బరి నూనె, ఆముదం అలా ఆరవు, జిడ్డుగానే ఉంటాయి, అవి ఇనుముకు రాయడానికి సరి. అవిసె నూనె తుడిచిన గుడ్డను ఉండచుట్టి పడేస్తే తనంతట తానే అంటుకోవచ్చు. విప్పి ఆరబెట్టాలి.

ప్రపంచంలో, ఇక్కడ

స్వీడన్‌లో 1697లో మొదలైన హుల్ట్స్ బ్రూక్, 1902లో మొదలైన గ్రాన్స్‌ఫోర్స్ బ్రూక్ ఈనాటికీ గొడ్డళ్లు చేస్తున్నాయి. అమెరికా అటవీ శాఖ 1999లో గొడ్డలి సంరక్షణ మీద ప్రత్యేకంగా ఒక చేతిపుస్తకమే ప్రచురించింది. యంత్ర రంపాలు నిషేధించిన అడవుల్లో వాళ్లకు గొడ్డలి ఇంకా ఉద్యోగపు పనిముట్టు. అక్కడ పాత తలలను ఏరి బాగుచేసే అభిరుచి పెద్దదే. మనకు అభిరుచికి ముందు అవసరం ఉంది, అవసరం తీర్చే కమ్మరులు తగ్గుతున్నారు. 1999లో ఉమ్మడి రాష్ట్రంలో మొదలైన దీపం పథకంతో గ్యాసు పల్లెలకు చేరింది. ఆడవాళ్ల కళ్లకు పొగ తప్పింది, అది మంచి మార్పు. దానితో పాటు కట్టెలు కొట్టే గొడ్డలి అవసరం తగ్గింది. 2023 సెప్టెంబరు 17న మొదలైన పీఎం విశ్వకర్మ పథకం 18 వృత్తులను గుర్తించింది. వాటిలో కమ్మరం, వడ్రంగం, సుత్తులు, పనిముట్ల తయారీ ఉన్నాయి. పనిముట్లకు 15 వేల రూపాయలు, 5 శాతం వడ్డీకి మొదట లక్ష, తర్వాత రెండు లక్షల అప్పు ఇస్తుంది. కొలిమి నిలబడాలంటే డబ్బుతో పాటు పని కూడా రావాలి, ఆ పని తెచ్చేది ఊరివాళ్లే.

పెందుర్తి, సబ్బవరం, కొత్తవలస చుట్టుపక్కల ఇళ్ల అటకల మీద, పశువుల పాకల చూరుల్లో తాతల నాటి గొడ్డలి తలలు ఇంకా ఉన్నాయి. పాత ఇనుము బండి వచ్చినప్పుడు వాటిని తూకానికి వేయకండి. ముందు ఒకసారి తాడుకు కట్టి మోగించి చూడండి. ఖంగున మోగితే దగ్గరలోని కమ్మరి దగ్గరికి తీసుకెళ్లండి, ఎండిన నల్లతుమ్మ కర్ర ఒకటి వెంట పట్టుకెళ్లండి.